ఏమీ జరగని వేసవి

ఏప్రిల్ మొదటి వారం.
క్రీట్ దక్షిణపు ఒడ్డున
మా హోటల్ ఇంకా నిద్ర లేవదు.
ఈతకొలను అడుగున ఎండిన పైన్ సూదులు,
వరండాలో బోర్లించిన కుర్చీలు.
రెండు వందల పద్నాలుగు గదుల తాళాలు నా నడుముకి వేలాడి
నేను నడుస్తుంటే మేకల మంద కదిలినట్టుంటుంది.

అప్పుడొస్తుంది ఎవాంథియా,
టూరు కంపెనీ పంపిన తనిఖీ మనిషి.
చేతిలో రేకు పెట్టె, మోకాళ్ళ నొప్పి.
అయినా లిఫ్టు ఎక్కదు.
మెట్ల పక్కన కమ్మీని మొదటి నుంచి చివరిదాకా
చేత్తో తడుముకుంటూ ఎక్కాలట.

"నీళ్ళు వదులు, స్తమాటిస్."
వదులుతాను.
ఐదు నెలలు గొట్టంలో పడుకున్న నీళ్ళు
దగ్గి, తుప్పు ఉమ్మి, నెమ్మదిగా తేటపడతాయి.
ఆమె థర్మామీటరు ముంచి నిలబడుతుంది.
"నలభై."
"స్నానానికి హాయిగా ఉంటుంది కదా" అంటాను.
"ఆ హాయి మనకొక్కరికే కాదు.
అరవైకి తీసుకురా."
గోరువెచ్చని నీళ్ళలో కాపురం పెట్టే పురుగొకటుందట,
షవర్ తుంపర వెంట ఊపిరితిత్తుల్లోకి దిగుతుందట.
మొదటి ఏడు నాకు నవ్వొచ్చింది.
వాననీటి తొట్టి తాగి పెరిగినవాణ్ణి,
పురుగు పేరెత్తితే భయపడతానా?
ఇప్పుడు నవ్వను.
గదికి ఐదు నిమిషాల చొప్పున
రెండు వందల పద్నాలుగు వానలు కురిపిస్తాను.

పెట్టెలోంచి రబ్బరు బంతి తీస్తుంది.
పసిపిల్ల తలంత బంతి.
బాల్కనీ ఊచల సందుల్లో పెట్టి తోస్తుంది.
మూడో అంతస్తులో ఒకచోట
బంతి దూరిపోయింది.
కింద రాళ్ళ మీద పడి, ఎగిరి, మళ్ళీ పడి,
చప్పుడు ఆగేదాకా
ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వంటవాడు లెఫ్టెరిస్ ఆమెని చూడగానే శిలువ గీసుకుంటాడు.
కోడి తొడలో ఆమె సూది గుచ్చుతుంటే
తన తొడలో దిగినట్టే మూలుగుతాడు.

ఈ ఏడు, ఏడో నంబరు కుటీరం.
గ్యాసు బాయిలరు ముట్టించానో లేదో
గోడ బయట గొట్టంలోంచి ఒక పిచ్చుక
తిట్టుకుంటూ ఎగిరిపోయింది.
ఎవాంథియా చిన్న యంత్రాన్ని పైకెత్తింది.
పన్నెండు. ముప్పై ఐదు. తొంభై.
"వాసనొస్తోందా?"
"లేదు."
"పొగ కనిపిస్తోందా?"
"లేదు."
"ఆర్పు. బయటికి నడు."

యజమానురాలు కిరియా దెస్పీనా ఫోన్లో అరిచింది:
గురువారం వస్తున్నారు, ఇద్దరు పిల్లలు,
డబ్బు కట్టేశారు, గూడు పీకి పారెయ్, పిచ్చుకే కదా!
ఎవాంథియా వాదించలేదు.
నా చేతిలోంచి ఫోను తీసుకుని
మెట్టు మీద కూర్చుని మెల్లగా చెప్పింది:
"అమ్మా, ఒకప్పుడు ఇంకో ఊళ్ళో
ఇలాంటి గదికే నేను సంతకం పెట్టాను."
తర్వాతేం చెప్పలేదు.
అవతలా ఎవరూ మాట్లాడలేదు.
సముద్రం ఒక్కటే మాట్లాడింది, దానికేం తెలుసని.

గూట్లో నాలుగు గుడ్లు.
గ్యాసు వాల్వుకి తాళం వేసి
తాళంచెవి తన జేబులో వేసుకుంది.
పిల్లలు ఎగిరిపోయాక గొట్టం మార్చమంది,
మార్చాక తనని పిలవమంది.
ఇంత తీరిక ఎవరికుంటుందని గొణిగాను గానీ
రోజూ పొద్దున్నే ఏడో నంబరు వైపు
ఒకసారి వెళ్ళొచ్చేవాణ్ణి.

జులైలో ఆ కుటుంబం నూటపన్నెండులో దిగింది.
పెద్దపిల్ల మోచేయి గీరుకుంది, చిన్నవాడు మూడుసార్లు తప్పిపోయి
మూడుసార్లూ ఐస్‌క్రీం బండి దగ్గరే దొరికాడు.
ఎర్రగా కాలిన భుజాలతో,
చెప్పుల్లో ఇసుకతో వెళ్ళిపోయారు.
వెళ్తూ ఫిర్యాదు కాగితం నింపి ఇచ్చారు:
కుళాయి నీళ్ళు మరీ వేడి.
కిటికీ సగమే తెరుచుకుంటుంది.
కోడి మాంసం ఎక్కువ ఉడికింది.

కిరియా దెస్పీనా మొహం మాడ్చుకుంది.
నేనా కాగితం అడిగి తీసుకుని
బాయిలరు గదిలో మేకు కొట్టి తగిలించాను.
ఎవాంథియా వచ్చే ఏడు వచ్చినప్పుడు
కళ్ళజోడు తుడుచుకుని, మొత్తం చదివి,
"కోడి సంగతి నిజమే" అంటుందేమో.